గేజీలో పావంగుళం

పోయిన వారం మిమ్మల్ని మా కాఫీ కొట్టు వెనక మెట్ల మీద వదిలేశాను. పౌలీన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తన మొగుడు నెస్టర్ పెట్టుకున్న వాన కొలిచే గేజీలో మూడు నాలుగు రోజులకోసారి తెల్లవారుజామున నీళ్ళు పోస్తున్నది తనేనని చెప్పి, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. నేను ఒట్టు వేశాను. వేసి లోపలికి వెళ్ళి, గోడ మీది క్యాలెండర్లో నెస్టర్ పేరు కింద పావంగుళం అని నా చేత్తోనే రాశాను. నేను మంచిదాన్నని ఇన్ని వారాలుగా మీరు అనుకుంటూ ఉంటే, ఇక మానెయ్యండి.

ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు మేవిస్. కెనడాలో సస్కాచెవాన్ మైదానంలో హార్లో అనే ఊళ్ళో, ధాన్యం గోదాము పక్కన ఈ కథ నాటికి ఇరవై రెండేళ్ళుగా కాఫీ కొట్టు నడుపుతున్నాను. ఉదయం తొమ్మిదిన్నరకి రైతులు వస్తారు, కిటికీ పక్కన పొడుగుబల్ల చుట్టూ కూచుంటారు, వాతావరణం గురించి మాట్లాడతారు. ఇంట్లో పీనుగ లేచినా సరే, ముందు గాలి ఎటు వీస్తోందో మాట్లాడుకున్నాకే ఆ సంగతి వస్తుంది. ఎవరి గేజీలో రాత్రి ఎంత పడిందో చెబుతారు, నేను క్యాలెండర్లో ఎక్కిస్తాను. మనిషి మాటని అనుమానించవచ్చు గానీ వాడి గేజీని అనుమానించకూడదు. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, అందుకే ఎవరూ దాటలేదు.

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూలై అది. వరసగా మూడో ఏడు వాన లేదు. ఆ రోజు బుధవారం.

"నిన్నంతా గాలేనా మీకూ?" అన్నాడు ఎల్డన్, టోపీ తియ్యకుండా కూచుంటూ. ఎల్డన్ పొలం, నెస్టర్ పొలం ఎదురెదురు, మధ్యలో మట్టిరోడ్డు. వాళ్ళిద్దరి స్నేహానికి నలభై ఏళ్ళు.

"గాలా? నిన్న మా కోడలు దుప్పట్లు ఆరేసింది" అన్నాడు అల్ఫోన్స్. మా బల్లకి ఆస్థాన విదూషకుడు ఆయనే. "తీసేవేళకి రెండెకరాల మట్టి వాటిమీదే ఉంది. పనిలోపనిగా గోధుమలు చల్లేద్దామా అమ్మా అన్నాను. మధ్యాహ్నం నించి నాతో మాట్లాట్టం లేదు."

"ఎవరి మట్టి అది?"

"రంగు చూస్తే నీదే అనిపించింది."

"అయితే సంచిలో పోసి తెచ్చివ్వు. నా దగ్గరేం మిగల్లేదు" అన్నాడు ఎల్డన్. ఆ మాట నవ్వుతూ అనలేదు.

"మా ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు టమాటాలకి, స్నానం నీళ్ళు బంగాళాదుంపలకి" అన్నాడు అల్ఫోన్స్. "నాకు స్నానం శనివారం ఒక్కరోజే ఇస్తోంది మా ఆవిడ."

"కరువుకి ముందు మాత్రం అంతకంటే ఎక్కువ చేసేవాడివా?" అన్నాను నేను, కాఫీ పోస్తూ. బల్ల చుట్టూ కాస్త నవ్వు వచ్చి, వెంటనే పోయింది. ఆ ఏడు నవ్వులన్నీ అలాగే ఉండేవి. ఎవడి కప్పు వైపు వాడు చూసుకునేవాడు. రొట్టె పిండిలో దుమ్ము, పిల్లల దగ్గులో దుమ్ము, చర్చిలో పాడటానికి నోరు తెరిస్తే దుమ్ము. జూన్‌లో ఆదివారం ఆదివారం వాన కోసం ప్రార్థించాం. జూలైలో పాదిరిగారు ఆ ప్రార్థన ఎత్తడం మానేశారు, ఎందుకు మానేశారని ఎవరూ అడగలేదు.

అప్పుడు నెస్టర్ వచ్చాడు. డెబ్భై ఒకటో ఏడు, మేలో మోకాలికి ఆపరేషనయింది, చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇంటినుంచి బండికి, బండినుంచి నా కొట్టుకి, అంతే ఆయన నడక. పొలంలోకి వెళ్ళి మట్టి పిసికి చూసుకునే శక్తి లేదు, గేజీ కూడా పౌలీనే చూసి చెబుతుంది. కానీ గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆ బల్ల దగ్గర ఆ ఏడు ఉతికిన చొక్కా వేసుకొచ్చినవాడు ఆయనొక్కడే.

"రాసుకో మేవిస్" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "మా దగ్గర పావంగుళం."

నెల రోజుల్లో అది తొమ్మిదో పావంగుళం. నేను పెన్సిలు తీశాను. అది అబద్ధమని తెలిసే తీశాను.

"రాయకు మేవిస్" అన్నాడు ఎల్డన్.

కాఫీ తాగేవాళ్ళు తాగడం ఆపారు. నెస్టర్‌కి ఒక క్షణం అర్థం కాలేదు.

"రాయకు అంటావేంట్రా?"

"నీకూ నాకూ మధ్య ముప్పై అడుగుల రోడ్డు. నా గేజీలో ఏప్రిల్ నించి సాలీడు కాపరం ఉంటోంది. నీకు మాత్రం వారానికి రెండుసార్లు పావంగుళం."

"మబ్బు రోడ్డుకి అవతలే ఆగిపోవడం నువ్వెప్పుడూ చూళ్ళేదా? అరవై ఒకటిలో నీ చేలో వడగళ్ళు పడ్డాయి, నా చేలో పళ్ళేదు. నీ మాట నేను కాదన్నానా?"

"వడగళ్ళకి నా గోధుమ నేలమట్టమైంది. కళ్ళారా చూశావు. నీ వాన ఏదిరా, ఎక్కడ కనబడుతోంది?"

"దేవుడికి ఉక్రెయినోళ్ళంటే కాస్త ఇష్టం ఎక్కువేమో" అన్నాడు అల్ఫోన్స్. నెస్టర్ వాళ్ళది ఉక్రెయిన్ నించి వచ్చిన కుటుంబం. ఎవరూ నవ్వలేదు.

ఎల్డన్ లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. క్యాలెండర్ కింద మేకుకి ఒక కాయితం వేలాడుతోంది. తూర్పు ప్రాంతపు రైతులు మాకోసం ఎండుగడ్డి మోపులు ఉచితంగా పంపుతున్నారు. కావలసినవాళ్ళు ఆ కాయితం మీద పేరూ, పశువుల లెక్కా రాయాలి. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకి గోదాము ఏజెంటు ఆ పేర్లు ఫోనులో చదివేస్తాడు, ఆ తర్వాత ఇంకొక పేరు ఎక్కదు. అందులో ఎల్డన్ పేరుంది, అల్ఫోన్స్ పేరుంది, మా మరిది పేరుంది.

"నీ పేరు లేదు" అన్నాడు ఎల్డన్. "ముప్పై ఎనిమిది ఆవులు. జనవరిలో వాటికి ఏం పెడతావు?"

"వాన పడ్డవాడు గడ్డి అడక్కూడదు. లేనివాళ్ళు రాసుకోనీ" అన్నాడు నెస్టర్. "నా గోధుమ బతికే ఉంది. పైకి ఎండినట్టుంటుంది గానీ వేరుకింద తడుంది. రెండంగుళాలకి పైగా పడింది దాని మీద. ఇంకొక్క మంచి వాన చాలు."

రెండు వారాల కిందట ఊరంతా, ఇక గింజ పట్టదని తేల్చుకుని, పచ్చిగా ఉండగానే గోధుమని కోసి పశువుల మేతకి కట్టలు కట్టేసింది. నెస్టర్ ఒక్కడే కొయ్యలేదు. ఆయన తెలివితక్కువవాడు కాదు. వంటింటి కిటికీలోంచి ఆ చేను ఆయనకీ కనబడుతూనే ఉంది. కానీ కంటికి కనబడేది ఒకటీ, గేజీ చెప్పేది ఒకటీ అయితే మా వాళ్ళు గేజీనే నమ్ముతారు. వాళ్ళ నాన్నలు కూడా అంతే.

"సరే. నీ గేజీ చూపించు" అన్నాడు ఎల్డన్.

అంతమాట మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ అనలేదు. నెస్టర్ మొహం ఎర్రబడింది. కర్ర ఆనుకుని లేచాడు. "పద. ఇంకా వంచలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది. చూసి, వచ్చి, ఇదే బల్ల దగ్గర అందరి ముందూ చెబుదువుగాని."

అక్కడ నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. కొట్టు అల్ఫోన్స్‌కి అప్పజెప్పి ఎల్డన్ బండెక్కాను. నెస్టర్ బండి ముందు దుమ్ము లేపుకుంటూ పోతోంది. సగం దూరం పోయాక ఎల్డన్ అడిగాడు. "నీకేమన్నా తెలుసా మేవిస్?"

"నాకేం తెలుసు. కాఫీ అమ్ముకునేదాన్ని" అన్నాను.

పౌలీన్ మెట్ల మీద కూచుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఆ ఏడు దుంపలు గోలీకాయలంత ఉండేవి, తొక్క తీస్తే మిగిలేదేమీ లేదు. రెండు బళ్ళు వరసగా రావడం చూసి లేచి నిలబడింది. దిగుతున్న నన్ను చూసింది. నేను చెప్పేశానని అనుకుంది. కాదన్నట్టు తల ఊపాను, కానీ అప్పటికే ఆవిడ చూపు గేజీ దగ్గరికి పోయింది.

గేజీ పెరటి కంచె మూల గుంజకి ఉంది. వెడల్పాటి గాజుగొట్టం, పక్కన గీతలు. అందులో సరిగ్గా పావంగుళం నీళ్ళు.

"చూశావా?" అన్నాడు నెస్టర్.

ఎల్డన్ గొట్టం వైపు చూడలేదు. నేల వైపు చూశాడు. "వాన పడితే దుమ్ములో చుక్కలు పడతాయి నెస్టర్. చుక్క చుక్కకీ గుంట పడుతుంది. నిన్న సాయంత్రం నించి గాలి లేదు, పడి ఉంటే ఏ గుంటా చెరగదు. చూడు."

నెస్టర్ కర్ర మీద వంగి చూశాడు. గుంజచుట్టూ నేల పిండిలా నున్నగా ఉంది. ఒక్క చుక్క ఆనవాలు లేదు. గుంజ మీద మాత్రం పైనుంచి కిందికి ఒకే ఒక నీటి చార, ఒలికి ఆరిపోయినట్టు. నేలమీద మెట్లనుంచి గుంజదాకా, గుంజనుంచి మెట్లదాకా చిన్న చిన్న అడుగులు. గుడ్డబూట్ల అడుగులు.

ఆయన ఆ అడుగుల్ని చూశాడు. తర్వాత పౌలీన్ కాళ్ళ వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో నాకు కనబడింది. గొట్టం పైకి లాగాడు. ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. పెదాలకి ఆనించి ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు.

మా వైపు ఒక్కో బావికి ఒక్కో రుచి. మా బావి ఉప్పు. నెస్టర్‌ వాళ్ళ బావి ఇనప తుప్పు, దానికి తోడు గంధకం వాసన. ఆ నీళ్ళతో పెట్టిన టీ నల్లగా ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్ళు ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టేస్తారు. నెస్టర్ పుట్టినప్పటినుంచీ తాగుతున్నది ఆ నీళ్ళే. వాననీళ్ళు పట్టుకునే పీపా కిందటి చలికాలానికి ముందే ఎండిపోయింది. పౌలీన్‌కి వేరే నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?

ఆయన ఆ గుక్కని ఉమ్మెయ్యలేదు. చాలాసేపు నోట్లో ఉంచుకుని, మింగాడు.

"మన బావి" అన్నాడు.

పౌలీన్ దుంపల గిన్నె కింద పెట్టింది. "అవును."

"ఎన్నిసార్లు?"

"లెక్క నీకే తెలుసు. నువ్వే కదా రాయించావు."

"ఎందుకు పౌలీన్?" కోపంగా అడగలేదు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది.

"మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నావు. తాగమని సూపు పెడితే చల్లారిపోయేది. మాట్లాడితే పలికేవాడివి కాదు. ఆ పావంగుళం గొట్టంతో సహా పట్టుకొచ్చి నీ మంచం పక్కన చూపించా. లేచావు. గడ్డం గీసుకున్నావు. రెండు గుడ్లు తిన్నావు. నలభై ఆరేళ్ళలో నువ్వు గుడ్లు తింటుంటే చూసి ఏడవడం అదే మొదలు. నాలుగు రోజులయ్యేసరికి మళ్ళీ అటు తిరగడం మొదలెట్టావు. నేనేం చెయ్యను?"

"గోధుమ కొయ్యాలా వద్దా అని నిన్నడిగాను" అన్నాడు నెస్టర్ నెమ్మదిగా. "ఆ వంటింట్లోనే. రెండుసార్లు అడిగాను."

"అడిగావు."

"ఇంకో వారం ఆగుదాం అన్నావు."

"కోసేస్తే నువ్వు మళ్ళీ మంచం ఎక్కుతావని భయమేసింది."

ఎల్డన్ తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. చేను మా వెనకే ఉంది. నేను తిరిగి చూడలేదు, చూడక్కర్లేదు కూడా. ఎండిన గోధుమ గాలి లేకపోయినా సన్నగా చప్పుడు చేస్తుంది. ఆ గడ్డిని ఇప్పుడు కోసినా ఆవు మూతి పెట్టదు. గింజా పోయింది, మేతా పోయింది.

నెస్టర్ నా వైపు తిరిగాడు. "ప్రతిసారీ నీ చేత్తోనే రాశావు మేవిస్. నీకు తెలుసా?"

ఎల్డన్‌కి బండిలో చెప్పిన అబద్ధం ఇక్కడ నోట రాలేదు. "వారం నించి తెలుసు" అన్నాను.

"వారం." ఆయన వేళ్ళు గొట్టం చుట్టూ బిగుసుకున్నాయి. "వారం కిందట దిగువ మడిచెక్కలో గోధుమ ఇంకా పచ్చగా ఉంది. అది కోసుకున్నా సగం మందకి సరిపోయేది."

నాకప్పటికి అరవై ఏళ్ళు. నా మొగుణ్ణి పాతిపెట్టాను, మా అన్నని పాతిపెట్టాను. నన్నింత తక్కువ మాటల్లో ఇంత లోతుగా ఎవరూ తిట్టలేదు, ఆయన అసలు తిట్టనేలేదు. నాకు అక్కడే నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"పదకొండుంబావు అయింది" అన్నాడు ఎల్డన్. "ఇంకా ముప్పావు గంట ఉంది. అందుకే రా నిన్ను లాక్కొచ్చింది. పద, వెళ్ళి పేరు రాయి."

"ఏమని రాయను?" అన్నాడు నెస్టర్. "ఆ గోడమీద నా పేరు కింద రెండంగుళాల వాన ఉంది. ఊరంతా రోజూ చదివింది. ఇవాళ నేను గడ్డి అడిగితే ఎందుకూ అంటారు. నేను అబద్ధం చెప్పానని చెప్పనా, నా పెళ్ళాం అబద్ధమాడిందని చెప్పనా? రెండిట్లో ఏది చెప్పమంటావో నువ్వే చెప్పు."

"నేను తప్పు రాశానంటాను" అన్నాను.

"ఇరవై రెండేళ్ళలో ఒక్క అంకె తప్పు రాయలేదు నువ్వు. ఎవడు నమ్ముతాడు?"

"ఊళ్ళో అందరూ నీవాళ్ళేరా" అన్నాడు ఎల్డన్.

"అందుకే చెప్పలేను."

గొట్టంలో మిగిలిన నీళ్ళు వంచేశాడు. నేల వెంటనే తాగేసింది. గొట్టాన్ని మళ్ళీ గుంజకి తగిలించాడు, నిటారుగా ఉందో లేదో చూసుకున్నాడు, అలవాటు కొద్దీ. తర్వాత కర్ర ఊతంతో మెట్లెక్కి లోపలికి వెళ్ళాడు. దోమతెర తలుపు వెనకనుంచి ఫోను తిప్పడం వినబడింది.

"పశువుల్ని తోలేవాళ్ళేనా? నేను నెస్టర్ వసిలివ్‌ని. రేపు పొద్దున బండి పంపగలరా? అవును, సంతకే. అన్నీ. లేదు, ఏవీ ఉంచుకోవట్లేదు. ముసలావు కూడా. దాన్ని ఎవరూ కొనరని నాకూ తెలుసు. అయినా ఎక్కించండి."

ఆ మందని ఆయన తండ్రి మూడు దూడలతో మొదలుపెట్టాడు. ఆ ఏడు సంతలో ఆవుల్ని ఎవరు కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో మా అందరికీ తెలుసు. పాలకోసమూ కాదు, పెంచుకోవడానికీ కాదు.

పౌలీన్ మెట్ల మీద కూలబడింది. నేను పక్కన కూచున్నాను. ఆవిడ నన్ను తోసెయ్యలేదు, దగ్గరికీ రాలేదు.

"ఒక మాట చెప్పనా మేవిస్" అంది కాసేపటికి. "మొదటి రోజుది నేను పొయ్యలేదు."

"ఏంటీ?"

"మొట్టమొదటి పావంగుళం. ఆ పొద్దున నేను లేచేసరికే గేజీలో ఉంది. నిజంగా వానే అనుకున్నా. నిద్రలో చప్పుడు వినపళ్ళేదనుకుని అక్కడే, ఆ దుమ్ములోనే మోకాళ్ళేసి దణ్ణం పెట్టుకున్నా. తర్వాత ఇక పళ్ళేదు. అప్పుడు మొదలెట్టా నేను. మొదటిది మాత్రం దేవుడిచ్చిందే మేవిస్. అదొక్కటైనా నిజం."

నేను ఏమీ అనకముందే ఎల్డన్ టోపీ తీశాడు. బయటెక్కడా ఆయన టోపీ తియ్యగా నేను చూడలేదు. నుదుటి మీద పైసగం తెల్లగా, కిందిసగం నల్లగా ఉంది.

"అది దేవుడు కాదు పౌలీన్" అన్నాడు. "ఆ ముందు రోజు సాయంత్రం వాణ్ణి చూడ్డానికి వచ్చాను కదా. గంట కూచున్నాను. నలభై ఏళ్ళ స్నేహం, నావైపు మొహం కూడా తిప్పలేదు. వెళ్ళేటప్పుడు బండిలో నీళ్ళ డబ్బా ఉంటే గేజీలో కాసిని పోశాను. ఒక్క రోజు లేస్తే చాలనుకున్నా. లేచి నాలుగు మెతుకులు తింటే చాలనుకున్నా. రెండోసారి వాడు బల్ల దగ్గర పావంగుళం అన్నప్పుడు నేనూ నమ్మాను. నిజంగానే పడుతోందేమో, మనకీ పడుతుందేమో అనుకున్నాను."

లోపల ఫోనులో మాటలు ఆగిపోయి ఎంతసేపయిందో మేం గమనించలేదు. తల తిప్పి చూస్తే దోమతెర అవతల నెస్టర్ నిలబడి ఉన్నాడు. ఫోను తీగ వంటింట్లోంచి గుమ్మందాకా బిగుసుకుపోయి ఉంది. చేతిలోని ఫోనులోంచి పశువుల బండివాడి గొంతు సన్నగా వినబడుతోంది. "ఎన్ని అన్నారు? నెస్టర్ గారూ, మొత్తం ఎన్నో చెప్పండి, రెండు బళ్ళు కావాలా?"

నెస్టర్ తలుపు తోశాడు. ఎల్డన్‌ని చూశాడు.

"ఇందాక బల్ల దగ్గర, అందరి ముందూ, నీ వాన ఏదిరా అని అడిగింది నువ్వేగా" అన్నాడు.

జవాబు కోసం ఆగలేదు. మెట్ల మీద కూచున్న పెళ్ళాం వైపు వంగి, ఫోను ఆవిడ ముందుకి చాపాడు.

"ఇన్నాళ్ళూ ఎంత పడిందో నువ్వే చెప్పావు. ఎన్ని పోవాలో కూడా నువ్వే చెప్పు పౌలీన్."

పౌలీన్ ఫోను అందుకుంది. పన్నెండు కావడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది.